పేరు తెలియని చిన్నపిట్టలు

వసంతమనగానే మనకు కోయిల జ్ఞప్తికి వచ్చును. ఉగాదినాటి కవిసమ్మేళనమున కోయిల పేరు వినబడకపోవుట అరుదు. అయితే కోయిల ఈ ఋతువున ఎక్కడినుండియో వచ్చునది కాదు. ఏడాది పొడుగున మన చెట్లమీదనే యుండి, చలికాలమున మౌనము వహించి, మామిడి పూతవేళకు గొంతు విప్పును. అదే చెట్టుపై, అదే వేళ, మరియొక పక్షి సెలవు తీసికొనుచుండును. ఆరు నెలలపాటు మన పెరటిలోనే కాపురముండి, హిమాలయములకో, సైబీరియాకో, ఫిన్లండు దేశమునకో ప్రయాణము కట్టుచుండును. దానిని సాగనంపువారు లేరు. అది వచ్చిన సంగతియే మనకు తెలియదు గదా!

ఇంగ్లీషువారు ఈ చిన్నపిట్టలను వార్బ్లరులందురు. కమ్మగా పలుకునది యని ఆ మాటకర్థము. వీనిలో పెక్కు పిట్టలు మన దేశమున నున్నంతకాలము కమ్మగా పలుకనే పలుకవు. ఒక ముక్తసరి మాటతో సరిపెట్టుకొనును. మన పల్లెలలో వీనినన్నిటిని కలిపి "పిట్ట" యని ఊరకొందురు. అందు తప్పేమియు లేదు. పంట తినదు, చేతికి చిక్కదు, శకునమునకు రాదు. అట్టి జీవికి పేరు పెట్టు తీరిక రైతున కెక్కడిది? మేమీ వ్యాసమున సౌకర్యము కొరకు, చెట్లపై ఆకులలో మెదలు వానిని ఆకుపిట్టలనియు, నేలకు దగ్గరగా పొదలలో మెదలు వానిని పొదపిట్టలనియు పిలిచెదము. నిపుణులు వాడు పేరు కావలసినచోట అదియు చెప్పెదము.

ఆకుపిట్ట తూకము ఏడెనిమిది గ్రాములు. అనగా మన పదిరూపాయల బిళ్ళ తూకమునకు ఇంచుమించు సరి. ముక్కుకొన నుండి తోకకొన వరకు పది సెంటీమీటర్లు. వీపు ఆకుపచ్చ, కడుపు తెలుపు. దాగుటకు ఇంతకంటె అనువైన వేషము మరియొకటి లేదు. పైగా ఒక్కచోట కుదురుగా నిలువదు. దుర్భిణి కంటికి ఆనించులోపల అది కొమ్మ మారును. మనము కొమ్మ వెదకి పట్టుకొనులోపల చెట్టు మారును.

ఇంతకంటె పెద్ద చిక్కు వెలుతురు. లేత వేపాకుల గుండ వడియగట్టబడి వచ్చిన ఎండలో తెల్లని కడుపు పసుపుగా కనబడును. అదే పిట్ట రెండు నిమిషములకు కొమ్మ చివరకు వచ్చి ఎండలో నిలిచినచో బూడిదరంగు గలదిగా తోచును. పుస్తకము చేతబట్టుకొని రంగును సరిచూచువాడు మొదటిసారి ఒక పేరును, రెండవసారి వేరొక పేరును చెప్పును. రెండునూ తప్పు కావచ్చును. కనుక ఈ పిట్టల విషయమున రంగును చివర అడుగవలసిన సాక్షిగా పెట్టుకొనుట మేలని మా యభిప్రాయము. మొదట అడుగవలసినవి మూడు: ఏ ఎత్తున నున్నది? ఏమి చేయుచున్నది? ఏమని పలుకుచున్నది?

వీనికంటెను ముందు ఒక వడపోత అవసరము. మన పెరటిలోని చిన్నపిట్టలలో కొన్ని ఇంటివారు, కొన్ని అతిథులు. ఇంటివారిలో అందరికి తెలిసినది దర్జీపిట్ట. ఆకుల అంచులు కలిపి కుట్టి గూడు చేయునది ఇదియే. దీని నెత్తి ఇటుకరంగు. తోక నిక్కబొడుచుకొని యుండును. గొంతు దాని ఒంటికి పదింతలు. ప్రీనియాలను మరికొన్ని చిన్నపిట్టలు గడ్డిలోను, కూరగాయల మడులలోను తిరుగుచుండును. వీనికిని తోక పొడవు. వానిలో బూడిదరంగు ప్రీనియా ఎగిరినపుడు చిటికెలు వేసినట్లు చప్పుడగును. తోక నిక్కించి, తటపటలాడించి, ధైర్యముగా మన కంటి ముందే తిరుగునది సాధారణముగా ఇంటి పిట్ట. తోకను ఒద్దికగా ఒంటితో సమముగా నుంచుకొని, ఆకుచాటున తన పని తాను చేసికొనిపోవునది అతిథి. ఈ ఒక్క గుర్తుతో సగము తికమక తీరును.

ఇక అతిథులను చూతము. తెలుగుదేశపు తోటలలో చలికాలమున కనబడు ఆకుపిట్టలలో మొదట చెప్పదగినది గ్రీనిష్ వార్బ్లర్. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వచ్చి, ఏప్రిలు వరకు నుండును. చింత, వేప, రావి, కానుగ వంటి గుబురుచెట్లు దీనికి ప్రియము. ఆకు ఆకును తరచి చూచి, చిన్న పురుగులను, సాలెపురుగులను ఏరుకొని తినును. కంటిపై నుండి తల వెనుక వరకు పొడవైన తెల్లని కనుబొమ గలదు. మడిచిన రెక్కపై సన్నని తెల్లగీత ఒక్కటి యుండును. ఈ గీతను నమ్ముకొని మోసపోరాదు. ఈకల అంచులు అరిగినకొలది గీత మసకబారి, కొన్నింటిలో పూర్తిగ మాయమగును. క్రింది ముక్కు లేతరంగుగా నుండుట మరియొక గుర్తు. కాని అది కనబడునంత దగ్గరకు ఈ పిట్ట మనలను రానిచ్చుట అరుదు.

దీని పిలుపు మాత్రము అరుగదు, మసకబారదు. "చి-వీ" యని రెండక్షరములు, రెండవది కొంచెము సాగదీసి, సన్నగా, పదునుగా పలుకును. రోజంతయు పలుకుచుండును. ఒంటరిగా నున్న పక్షి ఎవరిని పిలుచుచున్నదని మన కనుమానము రావచ్చును. అది పిలుచుట కాదు, హెచ్చరించుట. చలికాలమున ఒక్కొక్క గ్రీనిష్ వార్బ్లర్ కొన్ని చెట్లను తన యేలుబడిగా ఏర్పరచుకొని, అందులో మరియొక దానిని కాలు పెట్టనీయదు. మగడు, పెండ్లాము, పిల్లలు అను బంధమేదియు ఆ కాలమున లేదు. ఎవరి చెట్టు వారిదే. తూర్పుకనుమలలోని పక్షుల రాకపోకలను శ్రద్ధతో పరిశీలించిన ట్రెవర్ ప్రైస్ అను శాస్త్రజ్ఞుడు 1979, 1981 సంవత్సరములలో ప్రకటించిన వ్యాసములు ఈ విషయము తెలిసికొనగోరువారికి నేటికిని ఆధారములు. మీ పెరటి చింతచెట్టుపై నవంబరులో విన్న "చి-వీ", మార్చిలో విన్న "చి-వీ" ఒకే పిట్ట గొంతు కావచ్చునన్నమాట.

రెక్కపై ఒక గీతకు బదులు రెండు గీతలుండి, అందు క్రిందిది వెడల్పుగా, స్ఫుటముగా కనబడినచో అది హ్యూమ్స్ లీఫ్ వార్బ్లర్ కావచ్చును. ఇది ఉత్తరభారతమున ఎక్కువ. దక్కనులో ఉత్తరభాగములకు వచ్చును. గ్రీనిష్ వార్బ్లర్ కంటెను చిన్నది. ఇందలి హ్యూమ్ మరెవరో కారు. 1885లో భారత జాతీయ కాంగ్రెసు స్థాపనకు పూనుకొనిన అలన్ ఆక్టేవియన్ హ్యూమ్ గారే. రాజకీయములకు ముందు ఆయన ధ్యాసయంతయు పక్షులపైననే యుండెడిది. సిమ్లాలోని తన భవనమున వేలాది పక్షి చర్మములను సేకరించి యుంచెను. ఏండ్ల తరబడి వ్రాసికొనిన వ్రాతప్రతులను ఒక సేవకుడు చిత్తుకాగితములక్రింద అంగడిలో అమ్మివేయగా ఆయన మనసు విరిగి, 1885లో సేకరణమంతయు బ్రిటిష్ మ్యూజియమునకు దానము చేసెను. పక్షిశాస్త్రమునకు అది నష్టమే. దేశమునకు లాభమైనదేమో చరిత్రకారులు చెప్పవలెను.

హైదరాబాదు చుట్టుపట్ల బండరాళ్ళ గుట్టలను చూచినవారికి మరియొక ఆకుపిట్టను వెదకుమని చెప్పవలసియున్నది. పేరునకు ఆకుపిట్ట యైనను ఇది ఆకులను వదలి రాళ్ళపైన, చెట్ల మొదళ్ళపైన ప్రాకుచు పగుళ్ళలోని పురుగులను వెదకును. కడుపు మసక పసుపు. కనుబొమ ప్రకాశవంతమైన పసుపు. దీనిని సల్ఫర్-బెల్లీడ్ వార్బ్లర్ అందురు. ఆఫ్ఘనిస్థానము మొదలు మధ్య ఆసియా వరకు గల కొండలలో గుడ్లు పెట్టి, చలికాలమునకు మన రాళ్ళను వెదకికొని వచ్చును. రాతిపై ప్రాకు చిన్న ఆకుపిట్ట కనబడినచో ఇక రంగు చూడనక్కరలేదు, దాని నడవడియే దాని పేరు.

ఇప్పుడు చెట్టు దిగి పొదలలోనికి పోవుదము. ఇక్కడ మనకు తగులునది, తగులుననుటకంటె వినబడునది, బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. మందారము, గోరింట, లంటానా పొదలు, దొడ్డి కంచెలు దీని నివాసములు. "చెక్… చెక్…" అని రాయికి రాయి తాకించినట్లు, నిదానముగా, కొలిచినట్లు పలుకును. పొద కదలును, పిట్ట కనబడదు. వంటింటి కిటికీ వెనుకనున్న పొదలో ఈ చప్పుడు వినని ఇల్లాలు మన దేశమున అరుదని మేమనుకొందుము. చాలమంది దానిని ఏదో పురుగు చప్పుడని అనుకొని యుందురు.

ఓపికతో కూర్చున్నవారికి అది ఎప్పుడో ఒక క్షణము పొద అంచునకు వచ్చును. అప్పుడు చూడవలసినది ఏమియు లేకపోవుటయే దాని గుర్తు. వీపు మట్టిరంగులో ఆకుపచ్చ ఛాయ. కడుపు మసక తెలుపు. రెక్కపై గీత లేదు. కనుబొమ కన్నుకు ముందు కొద్దిగ నుండి, కన్ను దాటగానే అంతమగును. ముక్కు కొంచెము పొడవు, నుదురు చదును. ఆకుపిట్టతో పోల్చినచో ఒకటిన్నర రెట్లు బరువుగల పిట్ట. ఈ పిట్టను 1849లో వర్ణించి పేరు పెట్టినవాడు ఎడ్వర్డ్ బ్లైత్. ఆయన 1841 మొదలు 1862 వరకు కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ వారి మ్యూజియమునకు క్యూరేటరుగా పనిచేసెను. జీతము స్వల్పము, పని అపారము. బ్లైత్ అభిప్రాయమును తానెంతగ మన్నింతునో డార్విన్ 1859 నాటి తన గ్రంథముననే చెప్పి యున్నాడు.

ఈ పిట్ట పేరులో రీడ్ అను మాట యున్నది. రీడ్ అనగా రెల్లు, జమ్ము వంటి నీటిగడ్డి. ఆ మాట విని చెరువుగట్లపై దీనిని వెదకువారు నిరాశ చెందుదురు. మన దేశమున ఇది పొడినేల పొదలలోనే ఎక్కువగా కాలము గడపును. కొల్లేటి వంటి తావులలో జమ్ములోనుండి బిగ్గరగా, కర్కశముగా, ఎవరితోనో పోట్లాడుచున్నట్లు పాడునది వేరొకటి. క్లామరస్ రీడ్ వార్బ్లర్ అని దాని పేరు. అది దాదాపు పికిలిపిట్ట యంత యుండును గనుక పొరబడవలసిన పని లేదు. పొరబడుటకు అవకాశము గలది పాడీఫీల్డ్ వార్బ్లర్ విషయమున. వరిపొలములు, నీటిగడ్డి దీనికి తావులు. బ్లైత్ పిట్ట కంటె లేతరంగు, ముక్కు పొట్టి, కనుబొమ కన్ను దాటి వెనుకకు స్పష్టముగ సాగి, దానిపై సన్నని నల్లని అంచు కూడ కలిగియుండును. కొంతకాలము నెల్లూరులో వైద్యుడుగా నుండిన జెర్డన్ దొర 1845లో దీనిని వర్ణించి, లాటిను భాషలో వ్యవసాయదారుడని పేరు పెట్టెను. వరిపొలముల నెల్లూరు ఎరిగినవానికి తట్టదగిన పేరే.

తుమ్మచెట్లు, పరికికంపలు గల మెట్టభూములలో మరికొన్ని గలవు. తల బూడిదరంగు, చెంప నలుపు, గొంతు తెలుపు గలది లెసర్ వైట్‌త్రోట్. ఇదియు "టెక్" అని గట్టిగ పలుకును. అయినను తలరంగు వలన తెలిసిపోవును. ఇసుకరంగులో, ఏ గుర్తును లేక, తుమ్మకొమ్మలలో తిరుగునవి బూటెడ్ వార్బ్లర్, సైక్స్ వార్బ్లర్ అను రెండు. సైక్స్ అను సైన్యాధికారి 1832లో దక్కను పక్షులను వర్ణించుచు పెట్టిన పేరు ఆ రెండవదానికి నిలిచినది. ఈ రెండింటిని వేరుపరచుట నిపుణులకు సైతము ప్రాణసంకటము. మనము వాని జోలికి పోకుండుట మంచిది.

కంటితో ఇంత కష్టమైన పని చెవితో సులభమగుట వింతగ తోచవచ్చును. రేడియో వినువారికి మాత్రము అది వింత కారాదు. వార్తలు చదువువారు తమ పేరు చెప్పక మునుపే, మొదటి మాటలోనే, మీరు ఆ గొంతు నెరుగుదురు. వారి ముఖము మీరెన్నడును చూచియుండరు. పక్షుల విషయమున ఈ కిటుకును మొదట గ్రంథస్థము చేసినవారిలో ఇంగ్లండునందలి సెల్బోర్న్ గ్రామమున నుండిన గిల్బర్ట్ వైట్ అను మతాచార్యుడు ప్రముఖుడు. ఆ కాలమున అచ్చటివారు తమ ఆకుపిట్టలనన్నిటిని ఒకే పేరుతో పిలుచుచుండిరి. వైట్ గారు ఎన్నో వసంతములు చెవియొగ్గి విని, మూడు పాటలు మూడు విధములుగ నున్నవనియు, అవి ఎన్నడును కలిసిపోవుట లేదనియు, కనుక పిట్టలును మూడు జాతులే యనియు 1768 ఆగస్టులో తన మిత్రునకు జాబు వ్రాసెను. పిట్టలను చేతబట్టి కొలిచి చూచినప్పుడును ఆ తీర్పే నిలిచినది. నేటికిని అవి మూడు జాతులే.

పక్షి గొంతును యంత్రమున పట్టి నిలుపుట ఆ తరువాత నూరేండ్లకు గాని సాధ్యము కాలేదు. నేడు మనకు తెలిసినంతలో మొదటి పక్షిస్వరపు రికార్డు 1889 నాటిది. జర్మనీలో లుడ్విగ్ కోక్ అను ఎనిమిదేండ్ల బాలుడు మైనపు గొట్టముపై దానిని నిలిపెను. అతడు పెద్దవాడై ఇంగ్లండుకు పోయి, బి.బి.సి. రేడియోలో పక్షుల పాటలను వినిపించి ఇంటింట పేరు పొందెను. ఆ మొదటి రికార్డులో పాడిన పక్షి ఏదనుకొన్నారు? మన దేశపు అడవులలోని షామా పక్షియే. పంజరమున అంతదూరము పోయి పాడినది.

నేడు ఆ పని జేబులోని ఫోను చేయుచున్నది. కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర కేంద్రమువారు ఉచితముగ నిచ్చు మెర్లిన్ అను సాధనము 2021 నుండి పక్షి గొంతు విని పేరు సూచించుచున్నది. దీనిని మేము వలదనము. చెవికి సాధన లేనివానికి అది మంచి తోడు. కాని సూచనను తీర్పుగ తీసికొనరాదు. బ్లైత్ పిట్టయే దీనికి ఉదాహరణము. చలికాలమంతయు "చెక్, చెక్" అను ఒక్క మాటతో గడిపిన ఆ పిసినారి, మార్చి చివర, ఏప్రిలు మొదట, ప్రయాణమునకు ముందు, వేకువజామున పొదలోనుండి పాడుట మొదలుపెట్టును. ఆ పాట సొంతమైనది కొంత, ఎరువు తెచ్చినది ఎంతో. విన్న పక్షులనన్నిటిని అనుకరించి, ఒక్కొక్క పలుకును మూడు నాలుగు మారులు మరల మరల పలికి, మధ్య మధ్య తన "చెక్" ను చొప్పించును. యంత్రము ఆ సమయమున లేని పక్షుల పేర్లను చెప్పిన ఆశ్చర్యపడనక్కరలేదు. ఒకే పొదలోనుండి నాలుగు పక్షుల గొంతులు వరుసగ వచ్చుచు, నడుమ "చెక్" వినబడినచో అది ఒక్కటే పిట్టయని మన చెవి చెప్పగలదు.

ఇంకొక మాట. ఫోనులో ఆ పిట్ట గొంతునే వినిపించి దానిని బయటకు రప్పించు అలవాటు కొందరికి గలదు. తన యేలుబడిలోనికి శత్రువు వచ్చెనని తలచి ఆ పిట్ట ఉలికిపడి తిరుగును. వేల కిలోమీటర్ల ప్రయాణమునకు కొవ్వు కూడబెట్టుకొనవలసిన రోజులలో దానిని అట్లు పరుగులెత్తించుట మంచి మర్యాద కాదు.

ఇంత చెప్పిన తరువాత, అసలు ఈ జాతులు నిజముగ వేరు వేరా, లేక శాస్త్రజ్ఞుల ఊహలా యని ఎవరైన నడిగినచో, ఆ ప్రశ్న అర్థరహితము కాదని చెప్పవలెను. మన గ్రీనిష్ వార్బ్లర్ కథయే వినుడు. ఈ పిట్టలు వేసవిలో హిమాలయములలోను, టిబెట్టు పీఠభూమికి ఇరువైపుల నున్న కొండలలోను గుడ్లు పెట్టును. నడుమనున్న టిబెట్టు ఎత్తైన బయలు. చెట్లు లేవు గనుక ఈ పిట్టలును లేవు. హిమాలయములనుండి బయలుదేరి పడమటి కొండలవెంట ఉత్తరమునకు పోయినచో పిట్ట రూపము, పాట కొద్దికొద్దిగ మారును. తూర్పువైపునుండి పోయినను అట్లే కొద్దికొద్దిగ, కాని వేరొక విధముగ మారును. ప్రక్క ప్రక్కనున్నవి ఒకదానినొకటి తమవానిగనే ఎంచును. చుట్టు తిరిగి సైబీరియాలో పడమటి శాఖ, తూర్పు శాఖ కలిసికొన్నచోట మాత్రము అవి ఒకదానినొకటి గుర్తించవు, జతకట్టవు. ఒకదాని పాట రెండవదానికి పరభాష.

క్లాడ్ టైస్‌హర్స్ట్ అను పండితుడు 1938లోనే, మ్యూజియములోని చర్మములను పరీక్షించి ఈ వలయమును ఊహించెను. డారెన్ ఇర్విన్, స్టాఫన్ బెన్ష్, ముందు చెప్పిన ట్రెవర్ ప్రైస్ కలిసి ఆ కొండలన్నిటియందలి పాటలను, జన్యువులను పోల్చి 2001లో నేచర్ పత్రికలో ఆ ఊహను బలపరచిరి. హిమాలయములలోని పాటలు చిన్నవి, సరళములు. ఉత్తరమునకు పోయినకొలది రెండువైపుల పొడవగుచు, చిక్కనగుచు, రెండు వేరు వేరు బాణీలుగ ఏర్పడినవి. 2014లో జన్యువులను మరింత లోతుగ పరిశీలించినప్పుడు ఈ వలయము అనుకొన్నంత నిరాఘాటమైనది కాదనియు, నడుమ కొన్నిచోట్ల తెగిన జాడలున్నవనియు తేలినది. ఏమైనను, ఒక జాతి రెండుగ చీలుట యను దీర్ఘకాలపు వ్యవహారమును ఒకే పటముపై చూపు ఉదాహరణములు లోకమున కొన్నియే. వానిలో నొకటి మన చింతచెట్టుపై "చి-వీ" యనుచున్నది. మన తోటలకు వచ్చునవి అధికముగ పడమటి శాఖకు చెందినవి.

పక్షులకు పేర్లు పెట్టినవారికిని స్థిమితము లేదు. పూర్వము ఈ వార్బ్లరులన్నిటిని ఒకే కుటుంబమున చేర్చిరి. 2006 నుండి జన్యుపరీక్షల వలన ఆ ఉమ్మడి కుటుంబము విడిపోయి, ఆకుపిట్టలు ఒక ఇల్లు, రెల్లుపిట్టలు ఒక ఇల్లు, దర్జీపిట్టలు, ప్రీనియాలు ఒక ఇల్లుగ వేరుపడినవి. కనుక పాత పుస్తకమునందు ఒక పేరు, క్రొత్త పుస్తకమునందు ఒక పేరు కనబడినచో కంగారు పడవలదు. పిట్ట మారలేదు.

పేరు తెలిసినందువలన ప్రయోజనమేమి? సాలిం అలీ గారు 1931-32లో హైదరాబాదు సంస్థానమున పక్షుల సర్వే చేసినప్పుడు తుపాకితో పట్టి, చేతిలో పెట్టుకొని కొలిచి పేరు వ్రాయుట నాటి పద్ధతి. నేడు తుపాకి లేదు. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించినది. దానికి ఆధారము దాదాపు 30 వేలమంది పక్షిప్రియులు తమ ఊళ్ళలో, తమ పెరళ్ళలో చూచి వ్రాసిన లెక్కలు. ఉద్యోగులు, విద్యార్థులు, గృహిణులు వ్రాసిన చీటీలే ఆ శాస్త్రమునకు పునాది. ఒక పిట్ట తగ్గుచున్నదో పెరుగుచున్నదో, ముందుకంటె త్వరగ తిరిగిపోవుచున్నదో ఆలస్యముగ పోవుచున్నదో వానివలననే తెలియవలెను. చీటీలో పేరు తప్పైనచో లెక్కయును తప్పే. ఒకరు గ్రీనిష్ వార్బ్లర్ ను హ్యూమ్ పిట్టగ వ్రాసినచో నష్టము స్వల్పము. నూరుగురు వ్రాసినచో హ్యూమ్ పిట్ట దక్షిణమునకు విస్తరించినదని ఎవరో వ్యాసము వ్రాయుదురు.

అందువలన, తెలియనిదానిని తెలియదని వ్రాయుట మంచి పరిశీలకుని లక్షణము. ఆకుపిట్ట, జాతి తెలియదు అని వ్రాసిన చీటీకిని విలువ గలదు. ఊహించి పేరు వ్రాసినదానికి లేదు. చూచిన వెంటనే, పుస్తకము తెరువకముందే, కాగితముపై వ్రాసికొనవలెను: తేదీ, వేళ, చెట్టు పేరు, నేలనుండి ఎత్తు, పలుకు మన అక్షరములలో. తెలుగు లిపి దీనికి ఎంతయో అనుకూలము. దీర్ఘము, హ్రస్వము, ద్విత్వము అన్నియు చూపవచ్చును. రెక్కగీతలు, కనుబొమ పొడవు, కాళ్ళరంగు కనబడినచో అవి తరువాత. దుర్భిణి ఎనిమిదింతలు పెంచి చూపునది చాలును. అంతకు మించినది చేతిలో వణకును. సూర్యోదయము తరువాత రెండు గంటల కాలము, సూర్యుడు మన వీపునకు ఉండునట్లు నిలిచి, ఒకే చెట్టును చూచుచు నుండవలెను. పది చెట్లు తిరుగుటకంటె అది మేలు. పూచిన మోదుగ, క్రొత్తగ చిగిర్చిన కానుగ, పురుగుపట్టిన చింత ఈ దినములలో మంచి తావులు. విశాఖపట్టణము వారికి కంబాలకొండ, వికారాబాదు వారికి అనంతగిరి, తిరుపతి వారికి శేషాచలము ఉన్నవి. కాని పెరటిచెట్టునకు సాటి ఏదియు లేదు, అది రోజును చూడవచ్చును గనుక.

పెరటి మాట వచ్చినది గనుక, పొదలనుగూర్చి ఒక మాట చెప్పవలె. వేసవి రాకముందే దొడ్డి శుభ్రము చేయుట మనలో చాల ఇండ్లలో ఆనవాయితీ. కంచెవెంబడి పెరిగిన తుప్పలను మార్చి నెలలో నరికివేయుదుము. బ్లైత్ పిట్ట ప్రయాణమునకు కావలసిన ఆహారము సమకూర్చుకొనునది సరిగ ఆ తుప్పలలో, ఆ నెలలోనే. నరుకుట మే నెలకు వాయిదా వేసినచో మనకు కలుగు నష్టమేమియు లేదు.

ఏప్రిలు గడచునప్పటికి చింతచెట్టుపై "చి-వీ" యను పలుకు రోజు విడిచి రోజు వినబడి, ఒకనాటితో ఆగిపోవును. ఆ తేదీని వ్రాసి యుంచుకొనుడు. పొదలోని "చెక్" కొన్నిచోట్ల మరికొన్ని దినములు నిలుచును. అదియు పోయిన తరువాత, ఆరువేల కిలోమీటర్లకు పైబడిన దారి దాటి, మే నెల చివర ఆ పిట్టలలో కొన్ని ఫిన్లండు చేరును. అక్కడ ఆ దినములలో నడిరేయి యందును పూర్తిగ చీకటి పడదు. ఆ వెలుగురేయిలో, పొదపై నిలిచి, ఇక్కడ వేకువజామున అభ్యాసము చేసిన పాటను రాత్రియంతయు పాడును.